సొంత పొయ్యి, ఊరి సొమ్ము
పాతకాలపు ఐరోపాలో ముసలివారు ఎలా బతికారు?

"తెల్లవాళ్ళు కన్న తల్లిదండ్రులను ఇంట్లో ఉంచుకోరట. రెక్కలు రాగానే పిల్లలు ఎవరి దారి వారు చూసుకుంటారట. ముసలివాళ్ళను తీసుకుపోయి ఏదో ఆశ్రమంలో పడేస్తారట." ఈ మాట మన ఇళ్ళలో వినని వారుండరు. అన్నవారు అంతటితో ఊరుకోక మరొకటి కూడా కలుపుతారు. "అంతా ఈ యంత్రాల నాగరికత తెచ్చిన అనర్థం. పూర్వం వాళ్ళకూ మనలాగే ఉమ్మడి కుటుంబాలు ఉండేవి." మొదటి మాటలో నిజమెంతో, నిష్ఠూరమెంతో అలా ఉంచండి. రెండవ మాట మాత్రం ఐరోపాలో పెద్ద భాగానికి వర్తించదు. విచిత్రమేమిటంటే ఈ రెండవ మాటను మనమే కాదు, చాలాకాలం ఆ దేశాలవారు కూడా నమ్మారు. తమ ముత్తాతలు మనవల మధ్య, పెద్ద పొయ్యి పక్కన, హాయిగా కన్నుమూశారని ఊహించుకుని మురిసిపోయారు. చరిత్రకారులు పాత చర్చి రిజిస్టర్ల దుమ్ము దులిపి లెక్క వేసేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

ఆ లెక్క వేసినవారిలో ముఖ్యుడు పీటర్ లాస్లెట్ అనే కేంబ్రిడ్జి పండితుడు. ఇంగ్లండులోని నాటింగ్‌హాంషైర్‌లో క్లేవర్త్ అని ఒక పల్లెటూరు ఉన్నది. ఆ ఊరి చర్చి గురువు విలియం శాంప్సన్ 1676లో ఒకసారి, 1688లో మరొకసారి ఊళ్ళో ఉన్న వారందరి పేర్లూ, ఎవరి ఇంట్లో ఎవరెవరు ఉన్నదీ ఓపికగా రాసిపెట్టాడు. మొదటి జాబితాలో 401 మంది ఉన్నారు. పన్నెండేళ్ళ తర్వాత చూస్తే వారిలో 244 మంది ఊళ్ళో లేరు. వీరిలో చనిపోయినవారు కొందరే. తక్కినవారు మూటాముల్లే సర్దుకుని మరో చోటికి పోయారు. తాతలనాటి నేలను అంటిపెట్టుకుని కదలని పల్లె అనుకున్నది కాస్తా సంతలాగా తేలింది. లాస్లెట్, మరొక పండితుడు రిగ్లీతో కలిసి, 1964లో ఇటువంటి పరిశోధనకే ఒక బృందాన్ని ఏర్పాటు చేశాడు. 1574 నుంచి 1821 వరకు నూరు ఊళ్ళ జాబితాలు తీసి చూస్తే ఇంటికి సగటున 4.75 మంది తేలారు. అదీ పనివాళ్ళతో కలిపి! తాత, తండ్రి, మనవడు ఒకే కప్పు కింద ఉన్న ఇళ్ళు నూటికి ఆరుకు మించలేదు.

కొడుకులు కఠినులు కావడం దీనికి కారణం కాదు. అసలు కీలకం పెళ్ళిలో ఉన్నది. ఆ రోజుల్లో ఇంగ్లండులోనూ, హాలెండులోనూ, ఆ చుట్టుపట్ల దేశాల్లోనూ మామూలు జనం పెళ్ళిళ్ళు చాలా ఆలస్యంగా జరిగేవి. ఆడపిల్లకు ఇరవై అయిదు, ఇరవై ఆరు, మగవాడికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రావలసిందే. పదిహేనేళ్ళు దాటీ దాటకముందే పిల్లలు ఇల్లు వదిలి పరాయి ఇంట పాలేరుగానో, పనిమనిషిగానో, ఏదో వృత్తిలో శిష్యుడుగానో చేరేవారు. పదేళ్ళు చాకిరీ చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాకనే పెళ్ళి. పెళ్ళి అంటే వేరు కాపురం, కొత్త పొయ్యి. అత్తగారి వంటింట్లో కోడలు అడుగుపెట్టడం అనేది వారి ఆచారంలో లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇరవై ఎనిమిదో ఏట పెళ్ళి చేసుకున్న కూలివాడికి కడసారి బిడ్డ పుట్టేటప్పటికి నలభై దాటుతుంది. అతనికి అరవై అయిదు వచ్చి చేతులు వణికేనాటికి పెద్దకొడుకు ఇంట నలుగురు పసిపిల్లలు తిండికోసం నోళ్ళు తెరుచుకుని ఉంటారు. చిన్నకొడుకు ఇంకా పరాయి ఊళ్ళో పాలేరే. తండ్రికి ఆసరా కావలసిన సమయమూ, కొడుకు కటకటలాడే సమయమూ సరిగ్గా ఒకటే. ఇక పిల్లలు తమకన్న ముందే పోయిన తల్లుల సంగతి వేరే చెప్పాలా? అందుచేత ముసలివారికి తిండి ఎక్కడినుంచి రావాలన్నది కుటుంబం ఒక్కటే తేల్చుకోలేని ప్రశ్న అయింది. ఇటలీలో టస్కనీ కౌలురైతుల ఇళ్ళు, బాల్కన్ కొండప్రాంతాలు, రష్యా పల్లెలు ఇందుకు భిన్నం. అక్కడ మనవారికి తెలిసిన ఉమ్మడి కుటుంబాలే ఉండేవి. మన కథ వాయవ్య ఐరోపాది.

"ఆ కాలంలో ముసలితనం దాకా బతికినవారెవరు? సగటు ఆయుర్దాయం ముప్పై అయిదో, నలభయ్యో కదా!" అని మీరు అడగవచ్చు. సగటు అన్నది మోసపు మాట. పసితనంలోనే పోయిన పిల్లలు ఆ సగటును కిందికి లాగేస్తారు. గండాలు గడిచి పాతికేళ్ళు దాటినవారిలో ఎందరో అరవై చూశారు, డెబ్భై కూడా చూశారు. పదహారో శతాబ్ది నుంచి పద్ధెనిమిదో శతాబ్ది దాకా ఇంగ్లండు జనాభాలో అరవై దాటినవారు నూటికి ఏడుగురి నుంచి పదిమంది వరకు ఉండేవారు. వీధికొక అవ్వ, సందుకొక తాత అన్నమాట.

ఆ అవ్వలూ తాతలూ ఏం చేసేవారో చూడాలంటే నార్విచ్ పట్టణానికి పోవాలి. అది అప్పట్లో ఇంగ్లండులో లండను తర్వాత చెప్పుకోదగిన పెద్ద పట్టణం, ఉన్ని నేతకు పేరుపడ్డది. 1570లో అక్కడి పురపాలకులు బిచ్చగాళ్ళ బెడద భరించలేక, పట్టణంలో బీదలెందరో, ఎటువంటివారో తేల్చాలని ఇంటింటికీ మనుషుల్ని పంపించారు. పేరు, వయస్సు, పని, ఒంట్లో సత్తువ ఉన్నదా లేదా, ఎన్నేళ్ళనుంచి ఊళ్ళో ఉన్నారు, ఇల్లు ఎవరిది, ధర్మం ఏమైనా అందుతున్నదా, అన్నీ రాసుకున్నారు. పిల్లాజెల్లాతో కలిపి 2,300 పైచిలుకు పేర్లు చేరాయి. ఆ జాబితా నేటికీ ఉన్నది.

అందులో ముగ్గురు వితంతువులు కనబడతారు. వయస్సు 74, 79, 82. ముగ్గురి గురించీ "ఇక దాదాపు పనికి దాటిపోయారు" అన్న భావంలో రాశాడు గుమాస్తా. ఆ పక్కనే ఉన్న సంగతి ఏమిటంటే ముగ్గురూ ఉన్ని వడికి జీవనం చేస్తున్నారు! ఎనభై రెండేళ్ళ అవ్వ రాట్నం ముందు కూర్చుని పోగు తీస్తూ ఉంటే ఆమెను ఇంకా "దాదాపు" అన్న మాటతోనే సరిపెట్టారు. ఆ కాలానికి పని మానడమనేది ఒక వయస్సు కాదు. చెయ్యి పూర్తిగా ఆగిపోయిన రోజే విశ్రాంతి. అరవై, అరవై అయిదు అని గీత గీసి ఇంటికి పంపడమనే సౌఖ్యం అప్పటి బీదవాడికి లేదు.

ఆ జాబితాలో ముసలివారి ఉపాయాలు కూడా కనిపిస్తాయి. భార్య పోయిన ముసలివాడు తనకన్న ఇరవై ముప్పై ఏళ్ళు చిన్నదైన బీదరాలిని మనువాడేవాడు. చూసేవారికి నవ్వులాటగా ఉండవచ్చు గాని ఇద్దరికీ అది జీవనోపాయం. ఆమెకు ఒక ఇల్లు దక్కింది, అతనికి కాళ్ళూ కళ్ళూ దక్కాయి. కొందరు అవ్వల ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉండేవారు. పిల్లకు గుడ్డ, గూడు. అవ్వకు నీళ్ళు మోసి, నిప్పు రాజేసే చెయ్యి. నెత్తురు సంబంధం లేనివారు ఇలా ఒకరి లోటు ఒకరు తీర్చుకునే కాపురాలు బీదపేటల్లో అనేకం.

కొద్దో గొప్పో పొలమున్న రైతుల దారి వేరు. జర్మనీ, ఆస్ట్రియా, బొహీమియా, నార్వే, ఫిన్లండు పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. తండ్రి పొలం కొడుకు చేతికి ఇచ్చేటప్పుడు దస్తావేజు రాసుకునేవారు. కన్నకొడుకుతో దస్తావేజా అని మనవారు ముక్కున వేలు వేసుకుంటారు. కాని ఆ కాగితాలు చదువుతుంటే నాకు ఆ రైతుల మీద గౌరవమే కలిగింది. ఏడాదికి ఇన్ని కొలతల జొన్నలాంటి రై ధాన్యం, ఇన్ని కొలతల గోధుమ, రోజుకింత పాలు, వారానికిన్ని గుడ్లు, ఇంత వెన్న, చలికాలానికి ఇంత కట్టె. పెరట్లో ఫలానా చెట్టు పండ్లు. కూరమడిలో ఒక చాలు. ఒక ఆవు, ఆ ఆవుకు మేత. చలికాలంలో వెచ్చని పొయ్యి దగ్గర కూర్చునే హక్కు! కొన్నిచోట్ల ముసలిదంపతులకు పెరట్లోనే వేరే చిన్న ఇల్లు కట్టించేవారు. కలిసి ఒకే బల్ల దగ్గర తింటే సరే. కోడలితో పొసగకపోతే ఆ తిండి ధాన్యరూపంలో కొలిచి ఇవ్వాలని మరో షరతు. తగవు వస్తుందని ముందే తెలుసు గనుక దానికీ ఏర్పాటు చేసుకున్నారు. ఆస్ట్రియాలో ఈ ఏర్పాటును "ఔస్‌గెడింగె" అంటారు. అది భూస్వామి కచ్చేరీలో రిజిస్టరయ్యేది. మాట తప్పిన కొడుకును అక్కడికి లాగవచ్చు.

ఇదంతా వట్టి మంచితనం కాదు. పొలం చేతికి రానిదే కొడుక్కి పెళ్ళి లేదు. అందుచేత ముప్పై దాటిన కొడుకు ఒకవైపునుంచి, చలాకీగా సేద్యం చేసేవాడు కావాలని భూస్వామి మరోవైపునుంచి ముసలాయనను తొందరపెట్టేవారు. కొడుకులు లేనివారు పొలాన్ని పరాయివాడికి అమ్మి, అతని చేతనే ఈ షరతులన్నీ రాయించుకునేవారు. అంటే తండ్రికి రాసి ఇచ్చినట్టే ముక్కూమొగం తెలియనివాడికీ రాసి ఇచ్చేవారు. కాగితానికి చుట్టరికంతో పని లేదు.

1606 డిసెంబరులో జేమ్స్ రాజు ఎదుట షేక్‌స్పియర్ "కింగ్ లియర్" నాటకం ఆడినప్పుడు చూసినవారికి అది కేవలం రాజుల కథగా తోచి ఉండదు. లియర్ రాజ్యమంతా కూతుళ్ళకు పంచి, నూరుమంది పరివారంతో నెలకొకరి ఇంట ఉంటానన్నాడు. పత్రమా, సాక్షులా, ఏమీ లేవు. మొదటి నెల గడవకముందే కూతురు పరివారాన్ని సగానికి కోసింది. ఆస్ట్రియా రైతు ఎవడైనా ఆ నాటకం చూసి ఉంటే "కాగితం రాయించుకోని ముసలివాడికి ఇంతకన్న ఏం జరుగుతుంది?" అని తల ఊపి ఉండేవాడు.

పొలమూ లేదు, పత్రమూ లేదు, రాట్నం తిప్పే సత్తువా లేదు. అటువంటివారికి? ఇక్కడే ఇంగ్లండు ఒక కొత్త పని చేసింది. బీదలకు బిచ్చం కాక పద్ధతి ప్రకారం సాయం చేయాలన్న ఆలోచన అంతకుముందే పుట్టింది. స్పెయిన్ దేశపు పండితుడు వీవెస్ 1526లో బ్రూజెస్ నగరానికి ఆ విషయంపై ఒక గ్రంథమే రాసి ఇచ్చాడు. కాని దేశమంతటికీ ఒకే శాసనం చేసి, ఊరూరా పన్ను వేసి అమలు జరిపినది ఇంగ్లండు. 1598లో చేసిన శాసనాన్ని 1601లో సవరించి, ఎలిజబెత్ రాణి చివరి రోజుల్లో ఖాయపరిచారు. రెండు శతాబ్దాల పైచిలుకు అదే నడిచింది.

పని జరిగే తీరు ఇది. ఒక్కొక్క చర్చికి చెందిన ప్రాంతాన్ని పారిష్ అంటారు. మన గ్రామపంచాయతీ అనుకోండి. ఏటా ఈస్టరు పండుగ రోజుల్లో ఊళ్ళో ఇద్దరి నుంచి నలుగురి దాకా కలవారిని "బీదల ఓవర్సీర్లు"గా నియమించేవారు. జీతం లేని కొలువు. ఇల్లూ పొలమూ ఉన్నవారందరిమీదా పన్ను వేసి, వసూలు చేసి, లెక్క రాసి, వారం వారం పంచడం వీరి పని. వచ్చే ఏడు ఆ లెక్క అప్పజెప్పాలి. కావాలని ఈ కొలువు కోరుకున్నవారు తక్కువ. పన్ను అడిగితే పొరుగువాడు తిడతాడు, పంచితే చాలలేదని అవ్వ తిడుతుంది!

పదిహేడో శతాబ్దిలో ఒక ముసలి వితంతువుకు వారానికి ఆరు పెన్నీల నుంచి ఒక షిల్లింగు దాకా ఇచ్చేవారు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అప్పట్లో మగకూలివాడి రోజుకూలి ఎనిమిది పెన్నీలో, పన్నెండో. వారం మొత్తానికి ఒక రోజు కూలి అన్నమాట. దానితో కడుపు నిండదు. రాట్నమో, పొరుగింటి బట్టలుతకడమో, చెల్లెలు పంపే రొట్టెముక్కో తోడు కావాలి. అయితే ఓవర్సీర్ల లెక్కపుస్తకాలు తిరగేస్తే డబ్బుకు మించిన సంగతులు కనబడతాయి. ఫలానా అవ్వకు జోడు. ఫలానా తాతకు చొక్కా. ఇంటి అద్దె. బండెడు కట్టె. జబ్బుపడితే పక్కన కూర్చున్న ఆడమనిషికి కూలి. ఆ కూర్చున్న ఆమె కూడా సాధారణంగా బీదరాలే. ఒక చేత్తో ఇద్దరికి సాయం! కడపట శవానికి గుడ్డ, గంట కొట్టినందుకు ఇంత, మోసినవారికి బీరుకింత. ఒకే పేరు పదేళ్ళు, పదిహేనేళ్ళు ప్రతి వారమూ వస్తూ వస్తూ ఉండి, ఒకరోజు బీరు పద్దు పడి ఆగిపోతుంది.

మరి కన్నబిడ్డల మాట? 1601 శాసనం దాన్ని వదల్లేదు. గతిలేని తల్లిదండ్రులను పోషించడం శక్తి ఉన్న పిల్లల విధి అని రాసింది. న్యాయాధికారి నిర్ణయించిన మొత్తం ఇవ్వకపోతే నెలకు ఇరవై షిల్లింగుల జరిమానా. కాని ఆ విధికి హద్దులు చూడండి. తాతకు మనవణ్ణి పోషించే బాధ్యత ఉన్నది, మనవడికి తాతను పోషించే బాధ్యత లేదు. అన్నకు తమ్ముడిమీద లేదు. అల్లుడికి అత్తమామలమీద లేదు. కొడుకే కూలివాడైతే అతనిమీద ఒత్తిడి చేసి ప్రయోజనం లేదని ఓవర్సీర్లకూ తెలుసు. ఒకవేళ ముసలితల్లి కూతురి ఇంట చేరితే, ఆ కూతురికే పారిష్ డబ్బిచ్చిన సందర్భాలున్నాయి. కన్నతల్లికి అన్నం పెట్టినందుకు ఊరు కూలి ఇవ్వడం మనకు వింతగా తోస్తుంది. వారి దృష్టిలో అది పిల్లల ప్రేమకు వెల కాదు, వారి లేమికి సాయం.

ఈ సాయంలో ముల్లు లేకపోలేదు. ఇచ్చేవాడు పొరుగువాడే. అందుచేత ఎవరు చర్చికి సరిగా వస్తున్నారు, ఎవరు తాగుతున్నారు, ఎవరి నోరు పెద్దది అని అందరికీ తెలుసు. 1697లో మరొక శాసనం వచ్చింది. ఊరిసొమ్ము తినే ప్రతివారూ కుడిభుజంమీద ఎర్రగుడ్డతోనో, నీలిగుడ్డతోనో కత్తిరించిన "పి" అనే అక్షరం, దాని పక్కన పారిష్ పేరులోని మొదటి అక్షరం కుట్టుకుని తిరగాలి. పాపర్, అంటే దరిద్రుడు, అన్న మాటకు అది గుర్తు. కుట్టుకోకపోతే సాయం ఆపవచ్చు, శిక్షాగృహానికి పంపవచ్చు. జీవితమంతా కష్టపడి, తానుగా ఏనాడో పన్ను కట్టిన మనిషి కూడా డెబ్భయ్యో ఏట ఆ గుడ్డముక్కతో బజారుకు పోవాలి. చాలా ఊళ్ళు దీన్ని గట్టిగా అమలు జరపలేదు గాని, శాసనాల పుస్తకంనుంచి అది తొలగింది 1810లోనే.

ఇంతకన్న చేదు సంగతి ఒకటున్నది. పాతపద్ధతిలో అవ్వ ఇంటింటికీ పోయి చారెడు పిండో, చెంబెడు మజ్జిగో అడిగేది. పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఇదేమిటని గృహస్థులు విసుక్కునేవారు. అవ్వ గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. ఆ తర్వాత ఆ ఇంట ఆవు చచ్చినా, బిడ్డకు జ్వరం వచ్చినా ఆ గొణుగుడే గుర్తుకు వచ్చేది. ఇంగ్లండులో మంత్రగత్తెలని నిందపడిన వారిలో చాలామంది ముసలివారు, బీదలు, ఒంటరి ఆడవారు. 1584లోనే రెజినాల్డ్ స్కాట్ అనే కెంట్ పెద్దమనిషి ఈ సంగతి కనిపెట్టి, అవ్వలను అన్యాయంగా చంపుతున్నారని పుస్తకం రాశాడు. లేదన్న వాడి మనస్సులోని తప్పుభావమే అడిగినదాని మీద నేరమై పడింది అని ఇరవయ్యో శతాబ్దిలో కీత్ థామస్ వంటి చరిత్రకారులు విశ్లేషించారు.

పన్నుతో నిమిత్తం లేకుండా ధనవంతులు కట్టించిన ధర్మగృహాలు మరొక దారి. జర్మనీలోని ఔగ్స్‌బర్గ్ నగరంలో యాకబ్ ఫుగ్గర్ అనే కోటీశ్వరుడు 1521లో ధర్మపత్రం రాసి ఒక చిన్నపేట కట్టించాడు. చక్రవర్తులకు అప్పులిచ్చిన మనిషి ఆయన. ఫుగ్గరై అనే ఆ పేట ముసలివారికోసమే కాదు, కష్టపడి కూడా లేమిలో పడిన కేథలిక్ గృహస్థులకోసం. ఏడాదికి అద్దె ఒక గుల్డెన్ నాణెం. దానితోపాటు రోజుకు మూడుసార్లు ఫుగ్గర్ కుటుంబం ఆత్మశాంతికి ప్రార్థన. సంగీతకారుడు మొజార్టు ముత్తాత ఫ్రాంజ్ మొజార్టు తాపీపనివాడు. చివరి రోజుల్లో, 1681 నుంచి 1694 దాకా, ఆయన అక్కడే తలదాచుకున్నాడు. 1944 బాంబులకు ఆ పేట కూలితే మళ్ళీ కట్టారు. నేటికీ నూటయాభైమంది దాకా అక్కడ కాపురముంటున్నారు. అద్దె పెంచలేదు. ఇప్పటి లెక్కలో ఏడాదికి 88 సెంట్లు, అంటే ఒక యూరో కూడా కాదు. రాత్రి పదింటికి గేటు మూస్తారు. ఆలస్యంగా వస్తే కాపలాదారుకు చిల్లర చెల్లించాలి.

హాలెండులోని హార్లెం పట్టణంలో 1609లో వెలసిన ముసలివారి ఇల్లు మరీ ఆసక్తికరమైనది. తోట చుట్టూ ముప్పై చిన్న ఇళ్ళు, ఇంటికి ఇద్దరు. అరవై దాటిన, మంచిపేరున్న, భార్య లేని మగవారికే ప్రవేశం. వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలో జాబితా ఉన్నది. ఒక మంచం, మెత్తవేసిన కుర్చీ, తగరపు మూత్రపాత్ర, మూడు దుప్పట్లు, ఆరు మంచి చొక్కాలు, ఆరు రాత్రిటోపీలు. హాస్టలుకు పోయే కుర్రవాడి జాబితాలా లేదూ? కుర్రవాడిలాగే వీరినీ వేసవిలో రాత్రి ఎనిమిదింటికి, చలికాలంలో ఏడింటికి లోపలపెట్టి తాళం వేసేవారు. డబ్బాలు పుచ్చుకుని వారానికొకసారి ఊళ్ళో చందా వసూలు చేయడం కూడా వీరి విధుల్లో ఒకటి.

1664 ప్రాంతంలో ఆ ఇంటిని పాలించే పెద్దమనుషులు, పెద్దమ్మలు తమ చిత్తరువులు గీయమని ఫ్రాంజ్ హాల్స్ అనే చిత్రకారుణ్ణి పిలిచారు. హాల్స్‌కు అప్పుడు ఎనభై దాటింది. ఒకప్పుడు హార్లెంలో ఆయనతో బొమ్మ గీయించుకోని గొప్పవాడు లేడు. పదేళ్ళకు ముందే రొట్టెలవాడి బాకీకింద పరుపులు, బీరువా, బల్ల, అయిదు బొమ్మలు జప్తుకు పోయాయి. 1662లో నగరపాలకులు కొంత సాయం చేశారు. 1664లో ఏడాదికి 200 గిల్డర్ల భత్యం ఖాయం చేశారు. చలికాలం గడవడానికి మూడు బండ్ల పీట్ కూడా ఇచ్చారు. పీట్ అంటే చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టి, వారికి అదే వంటచెరకు.

ఊరిసొమ్ముమీద బతుకుతున్న ముసలివాడు, ముసలివారికి ఊరిసొమ్ము పంచే పెద్దల ఎదుట కూర్చుని వారి ముఖాలు గీశాడు. నల్లని దుస్తుల్లో అయిదుగురు స్త్రీలు, తెల్లని కాలర్లు, ముడతలు పడిన చేతులు. ఆయన కక్ష తీర్చుకున్నాడనీ, ఒక పెద్దమనిషిని తాగుబోతుగా చూపాడనీ తర్వాతివారు కథలల్లారు. అందుకు ఆధారాలు లేవు. వారు బొమ్మలు పుచ్చుకుని గోడకు తగిలించుకున్నారు కూడా. హాల్స్ ఆ ఇంట్లో ఎన్నడూ ఉండలేదు. భార్య బతికి ఉన్నది కనుక ఆయనకు ప్రవేశార్హత కూడా లేదు. 1666లో చనిపోయాడు. ఆ భార్య, లీస్‌బెత్, 1675లో వారానికి 14 స్టయివర్ల దీనసహాయం పొందింది. ఇరవై స్టయివర్లు ఒక గిల్డరు. 1913నుంచి ఆ ముసలివారి ఇల్లే హాల్స్ పేరిట చిత్రశాల. ఆ రెండు బొమ్మలూ అక్కడే ఉన్నాయి.

పని చేసినందుకు జీతం ఉన్నట్టే పని మానినందుకు పెన్షను అన్న ఊహ ఎలా మొలిచిందో కూడా చెప్పాలి. ఇంగ్లీషు నావికుల జీతంలోంచి నెలకు ఆరు పెన్నీలు మినహాయించి దెబ్బతిన్నవారికి ఇచ్చే "చాటం పెట్టె" 1590 ప్రాంతంలో మొదలైంది. 1684లో లండను రేవు కస్టమ్స్ ఉద్యోగి మార్టిన్ హార్షం మనోవ్యాధితో పని చేయలేని స్థితికి వచ్చాడు. ఖజానావారు అతని స్థానంలో కొత్తవాణ్ణి వేసి, ఏడాదికి వచ్చే 80 పౌన్లలో సగం పాతవాడికి బతికినన్నాళ్ళూ ఇవ్వాలన్నారు. కొత్తవాడి ముఖం ఎలా పెట్టాడో రికార్డుల్లో లేదు! ఉద్యోగుల పెన్షనుకు ఇదొక తొలిమెట్టు. మనదేశపు సొమ్ము కూడా ఈ కథలో ఉన్నది. బెంగాలు నవాబు మీర్ జాఫర్ వీలునామాలో క్లైవుకు అయిదు లక్షల రూపాయలు దక్కాయి. ఆయన దాన్ని 1770లో నిధిగా మార్చి, ఈస్టిండియా కంపెనీలో పనికిరాకుండా పోయిన సైనికులకు, వితంతువులకు భత్యాలిచ్చే ఏర్పాటు చేశాడు. ఎవరి సొమ్ము, ఎవరి వృద్ధాప్యం!

ఇవన్నీ ఏదో ఒక యజమాని దయతో వచ్చినవి. వృద్ధాప్యంలో భత్యం దయ కాదు, పౌరుడి హక్కు అని 1792లో గట్టిగా అన్నవాడు టామస్ పెయిన్. యాభై దాటిన బీదవానికి ఏడాదికి ఆరు పౌన్లు, అరవై దాటితే పది పౌన్లు ఇవ్వాలని, అందుకు డబ్బెక్కడిదో కూడా లెక్కకట్టి చూపాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. వినకపోగా 1834లో కొత్త బీదల చట్టం వచ్చి, ఇంటిదగ్గర సాయం తగ్గించి వర్క్‌హౌస్ అనే పని ఇళ్ళకు జనాన్ని తోలింది. అక్కడ ముసలి భార్యాభర్తలను కూడా వేరు వేరు భాగాల్లో ఉంచేవారు. జర్మనీలో బిస్మార్కు 1889లో చందాల పద్ధతిమీద వృద్ధాప్యపు భీమా పెట్టాడు. డెబ్భై దాటాలి.

ఇంగ్లండులో 1908లో చట్టమై, 1909 జనవరి 1నుంచి డెబ్భై దాటిన బీదలకు వారానికి అయిదు షిల్లింగులు ఇవ్వసాగారు. అది ఓవర్సీరు గుమ్మంలో కాదు, పోస్టాఫీసు కిటికీ దగ్గర. అయినా పాత ముల్లు ఒకటి మిగిలింది. 1908 మొదలు పారిష్ సొమ్ము తిన్నవారికి ఈ పెన్షను లేదన్నారు. ఆ నిబంధన గడువు 1910తో తీరిపోయింది. 1911 జనవరిలో, పారిష్ పుస్తకాల్లో వారం వారం పేరు పడుతూ వచ్చిన అవ్వలూ తాతలూ వేలసంఖ్యలో ఆ పద్దు కొట్టేయించుకుని, పోస్టాఫీసు ముందు వరుసలో నిలబడ్డారు.